పైడితల్లి చేయి పెట్టని తడిక

పైడితల్లి అంత చెడ్డ పంతులమ్మను నా ఉద్యోగమంతటిలో నేను చూడలేదు. ఈ మాట ఆవిడ ముందే అన్నాను, పైగా చాలాసార్లు అన్నాను. ఆవిడ నవ్వేసి, నాకేమైనా చదువా సంధ్యా అంటూనే పక్కన కూర్చున్నవాళ్ల చేతుల్లోంచి కొబ్బరాకు లాక్కుని తనే అల్లేసేది.

సంగతేమిటంటే, పూండి స్టేషనుకు ఎడంగా, సముద్రం వైపు మాకొక తోట ఉంది. మాకు అంటే నా ఒక్కదానికి కాదు. తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయినప్పుడు, ఎవరి భూమి చెక్కలో వాళ్లు మళ్లీ మొక్కలు పెట్టుకునే ఓపిక లేక, పక్కపక్క భూముల కుటుంబాలు కొన్ని కలిసిపోయాయి. టెక్కలిలో సైన్సు చెప్పి రిటైరైన నాకూ అక్కడ మా అమ్మ తరఫు చెక్క ఒకటుంది కాబట్టి నేనూ కలిశాను. నెలకోసారి, శని ఆదివారాల్లో, విశాఖ నుంచీ బరంపురం నుంచీ జనం వస్తారు. మట్టిపొయ్యి కట్టడం, పీచుతో తాడు పేనడం, పేడతో ఎరువు చేయడం, కొబ్బరాకు తడిక అల్లడం సొంత చేతులతో నేర్చుకుపోవాలని వాళ్ల కోరిక. అందుకే 'చేతిపని శిబిరం' అని పేరు పెట్టాం. అందులో తడికల పాఠం పైడితల్లిది.

పాపం పేరుకి తగ్గట్టే చేతిపని జరిగేది. చేతులు మాత్రం పైడితల్లివి. ముందురోజే కొబ్బరి కమ్మల్ని నడిమికి చీల్చి కుండీలో నానబెట్టేది. జనం వచ్చి చుట్టూ కూర్చునేవాళ్లు. ఒక ఆకు పైకి, ఒక ఆకు కిందికి అని చూపించేది. వాళ్లు ఒక మడత వేసి రెండోదానికి తడుముకునేలోపే ఈవిడ చెయ్యి వెళ్లి అక్కడ వాలేది. మధ్యాహ్నానికి అందరి చంకల్లోనూ తలో తడిక ఉండేది. అన్నీ ఒకే అల్లికతో, ఒకే అంచుతో, తీర్చి దిద్దినట్టు ఉండేవి. ఓసారి విశాఖ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, బాల్కనీకి కట్టిన తడిక అంచు వదులైంది, ముడి ఎలా వేయాలండీ అని అడిగింది. అంత శ్రద్ధగా శిబిరానికొచ్చి, ఫొటోలు దిగి, ముడి మాత్రం ఒక్కటీ వేయకుండా వెళ్లింది ఆ మహాతల్లి.

ఇంటికొచ్చిన చుట్టం చేత పని చేయిస్తే ఏం మర్యాద అనేది పైడితల్లి. వాళ్లు చుట్టాలు కాదు, పని చేయడానికే రైలెక్కి వచ్చారని నేను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మర్యాద ఒక్కటే కారణమని నేనూ చాలాకాలం అనుకున్నాను.

అసలు కారణం ఒక మధ్యాహ్నం, జీడి పిక్కలు ఎండబోసిన చప్టా మీద కూర్చున్నప్పుడు చెప్పింది. ఆవిడది పుట్టిల్లు మందస కొండవార. పూండి దగ్గరికి కోడలై వచ్చింది. మొగుడు కన్నయ్య కొబ్బరికాయలు దింపేవాడు. దింపు ఉన్నరోజు ఉన్నట్టు, లేనిరోజు లేనట్టు గడిచే సంసారం కాబట్టి, పైడితల్లి పొద్దున్నే బస్సెక్కి పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్లకి ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కొట్టేవారట. ఇప్పటికీ ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా, నున్నగా ఉంటాయి. కాలిన చేతుల గురించి ఆవిడకు పెద్ద బాధ లేదు. ఆవిడ బాధ మేస్త్రీ గురించి. వరసల మధ్య తిరుగుతూ, ఎవరి చెయ్యి ఆగితే వాళ్ల వెనక వచ్చి నిలబడేవాడట. ఒక్క మాటా అనేవాడు కాదట.

"సెయ్యి ఆగితే సాలు, ముందల ఆడి నీడ పడేది పంతులమ్మా. ఒకలు పని సేత్తా ఉంటే ఇంకొకలు నిలబడి సూడ్డం నావల్ల కాదు. నా నీడ ఎవుల మీదా పడకూడదు."

ఆ తరవాత నాకు ఆవిణ్ని తిట్టే ధైర్యం తగ్గింది. కానీ తిట్టడం మానలేదు.

కన్నయ్యను మా వైపు ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే తీసుకుపోయింది. ఉన్న ఒక్క కూతురు కంచిలిలో కాపురం చేసుకుంటోంది. పైడితల్లి తన భూమి చెక్కతో పాటు తోటలోకి వచ్చేసింది. నెలంతా అందరితోపాటు కలుపు తీస్తుంది, పాదులు చేస్తుంది, వంట చేస్తుంది. శిబిరం ఉన్న శనివారం మాత్రం గంజి పెట్టిన చీర కట్టి, కూతురు కొనిచ్చిన కళ్లజోడు పెట్టుకుని, తలకి ఇంత నూనె రాసుకుని వచ్చేది. ఆ కళ్లజోడు ఆవిడకి అవసరమే లేదని నా అనుమానం.

ఇలా ఉండగా మా తోట సంఘం పెద్ద ఉమామహేశ్వరరావుగారు ఒకరోజు కదిలారు. టెక్కలిలో ఆఫీసు గుమాస్తాగా చేసి దిగిన మనిషి, అన్యాయం ఎరగడు, తొందరా ఎరగడు. వచ్చినవాళ్లంతా భోజనం బాగుందంటున్నారు, పైడితల్లమ్మ బంగారమంటున్నారు, ఏం నేర్చుకున్నారంటే మాత్రం నవ్వుతున్నారని ఆయన ఫిర్యాదు. వచ్చే శిబిరానికి తనూ వచ్చి కూర్చుంటానన్నారు. జనం తమ చేతులతో తడిక అల్లితే సరేసరి. లేకపోతే తడికలకి శ్రీకాకుళం నుంచి వేరే మనిషిని పిలుద్దాం, పైడితల్లమ్మకి వంటశాల పూర్తిగా అప్పజెబుదాం అన్నారు. ఆయన దృష్టిలో అది శిక్ష కూడా కాదు, వయసు మీద పడ్డ మనిషికి వెసులుబాటు.

ఈ కబురు చెప్పడం నా వంతైంది. పైడితల్లి ఈసారి నవ్వలేదు. చేతిలో కొబ్బరీనెల చీపురు పక్కన పెట్టింది.

"ఆ ఒక్క పూటా నన్ను ఎవులో ఒకలు ఏటో అడుగుతారు పంతులమ్మా. మిగతా బతుకంతా నాకు సెప్పినోల్లే."

నాకు ప్రాణం ఉసూరుమంది. వెంటనే ఆవిడ చేతుల్ని బాగుచేసే పనిలో పడ్డాను. నేను శిష్యురాల్ని, నువ్వు నోటితోనే చెప్పాలి, చేత్తో ముట్టకూడదు అని కమ్మ ముందేసుకుని కూర్చున్నాను. రెండో మడత దగ్గర నేను కావాలనే తప్పు చేశాను. ఆ నల్లటి వేళ్లు అప్పుడే నా కమ్మ మీద ఉన్నాయి. మర్నాడూ అంతే. చేతులు వెనక్కి కట్టుకోమన్నాను, ఒళ్లో పెట్టుకోమన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా. నాకు ఒళ్లు మండి, కమ్మ అక్కడే పారేసి టెక్కలి బస్సెక్కేశాను.

ఈలోగా వానలు పడ్డాయి. తోటకి దిగువన పల్లంలో వరి ఊడ్పులు మొదలయ్యాయి. నేను మళ్లీ వెళ్లి, గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డాను. వరసలో పైడితల్లి పక్కన ప్రియ అని కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఉంది. కొత్తవాళ్లని వరసకి నడిమిట్లో, ఇద్దరు చేయితిరిగిన ఆడవాళ్ల మధ్యలో పెట్టడం మా వైపు అలవాటు. ఆ పిల్ల ఒక్కో మొక్కని దేవుడికి పువ్వు పెట్టినట్టు పెడుతోంది. కళ్లు మూసుకుని నాటగల పైడితల్లి మాత్రం ఆ పిల్ల చెయ్యి ఎంత నడిస్తే తన చెయ్యీ అంతే నడిపిస్తూ, ఒక్క కుచ్చు కూడా ముందుకు పోకుండా వంగి ఉంది. పక్కపిల్ల చేతిలోని నారుకట్టను కన్నెత్తి చూడలేదు.

నాకు మండింది. నా దగ్గర కాసేపు ఆగని చేతులు ఇక్కడెలా ఆగాయమ్మా, ఆ పిల్ల నారు లాక్కుని నువ్వే నాటెయ్యకపోయావా అని గట్టు మీంచే దెప్పాను.

"ఉడుపుల్లో అలగ లాగీసుకోరమ్మా. వరస ఇరిగిపోతాది" అంది పైడితల్లి.

అనేసి, నడుం ఎత్తి నిలబడింది. మోచేతుల దాకా బురద. నన్ను చూసింది, వరసని అటునుంచి ఇటు చూసింది. మళ్లీ వంగి నాట్లేసుకుంది.

శిబిరం రోజు పొద్దున సన్నగా జల్లు. జీడి పిక్కల పాకలో ఏర్పాటు. ఎప్పుడూ జనాన్ని గుండ్రంగా కూర్చోబెట్టి మధ్యలో తను కూర్చునే మనిషి, ఈసారి చాపలన్నీ పొడుగ్గా ఒక్క వరసలో పరిచింది. అందరి మొహాలూ తోట వైపే. తనూ ఆ వరసలోనే కూర్చుంది. విశాఖ నుంచి నాగసుధ అని బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. కాఫీ గ్లాసు అందుకోవడంలోనే ఒలకబోసుకున్న అమ్మాయి. పైడితల్లి ఆ అమ్మాయిని ఏరి నడిమిట్లో, తన పక్కన పెట్టుకుంది. ఉమామహేశ్వరరావుగారు చూడ్డానికి కుర్చీ అడిగితే, కుర్చీ లేదు బాబూ, వరసలో కూకోండి అని ఆయన చేతికీ ఒక కమ్మ ఇచ్చింది.

షరతులు ముందే చెప్పింది. అందరూ ఒక మడత వేశాకే రెండో మడత. ఎవరూ ముందుకు పోకూడదు. ఒకరి కమ్మ మీద ఒకరి చెయ్యి పడకూడదు. వరస అంతా అయ్యాకే వరస లేవాలి.

పని బాగానే నడిచింది. ఆవిడ తన కమ్మ మీద మడత వేస్తూ పైకి చెప్పేది, అందరూ వేసేవారు. ఉమామహేశ్వరరావుగారు నాలుక బయటపెట్టి మరీ అల్లుతున్నారు. నాగసుధ మాత్రం ప్రతి మడతకీ ఒక సారీ చెబుతోంది. సగం దాటాక ఎక్కడో ఒక ఆకు వదిలేసింది. అక్కణ్నుంచి అల్లిక తప్పింది. విప్పింది, అల్లింది, మళ్లీ తప్పింది. మిగిలినవాళ్లు అంచు దాకా వచ్చి, చివరి ముడులు వేసేసి, ఆ అమ్మాయి కోసం ఆగారు.

వంటశాల నుంచి మునగాకు పప్పు వాసన వస్తోంది. అందరికీ ఆకలిగా ఉంది. అతిథి ఆకలితో కూర్చోవడమంటే పైడితల్లికి ప్రాణం పోవడమే. ఆవిడ చెయ్యి లేచింది. గాలిలో ఆగి, మళ్లీ మోకాలి మీదికి వచ్చింది. కాసేపటికి మళ్లీ లేచింది. అటు చివర్నుంచి ఉమామహేశ్వరరావుగారు చూస్తున్నారు. పైడితల్లి రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

నాగసుధకి కళ్లనీళ్లు తిరిగాయి. తనవల్ల అందరూ ఆకలితో ఉన్నారని, ఇది తన వల్ల కాదని, మీరే పూర్తి చేసేయండమ్మా అని కమ్మను ఎత్తి పైడితల్లి ఒళ్లో పెట్టేసింది.

తప్పిపోయిన ఆకు ఎక్కడుందో ఆవిడకి అప్పుడే తెలుసు. కళ్లు అక్కడే ఉన్నాయి. రెండు క్షణాల పని. పైగా అడిగింది అతిథి. చేతులు మాత్రం తొడల కిందనుంచి రాలేదు.

"ఆకలైతే ఆగుతాం తల్లీ, సచ్చిపోం. నీ కమ్మ నువ్వు తీసుకో. తప్పు యాడుందో బేగి బేగి సూడకు, నెమ్మదిగా సూడు. నాను ఇక్కడే ఉంతాను."

నాగసుధ కమ్మ తీసుకుంది. ఒక్కో ఆకే వెనక్కి తడుముకుంటూ పోయి, వదిలేసిన ఆకు పట్టుకుంది. విప్పి మళ్లీ అల్లింది. ఆఖరి ముడి వేసేసరికి వాన కూడా వెలిసింది. ఆ తడిక ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. ఇంత వంకర తడిక మా తోటలో అంతకుముందు తయారు కాలేదు. నాగసుధ దాన్ని ఎత్తి పట్టుకుని పడీ పడీ నవ్వింది.

వరస లేచింది. ఉమామహేశ్వరరావుగారు నడుం పట్టుకుని నా దగ్గరికొచ్చి, వసంతలక్ష్మిగారూ, వచ్చే నెల తాడు పేనడం కూడా పైడితల్లమ్మే చెబుతుందా, మా ఆవిడ సీతాదేవిని తీసుకొస్తాను అన్నారు. శ్రీకాకుళం మనిషి మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పైడితల్లి విన్నది. విననట్టు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

భోజనాలకి అదే చాపల మీద విస్తళ్లు వేశారు. పైడితల్లి అలవాటుగా గరిటె కోసం లేచింది. నాగసుధ ఆవిడ భుజాలు పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఆలస్యం చేసింది నేను కాబట్టి వడ్డన నాదే అంది. పైడితల్లి వద్దంది, తప్పంది, అతిథి వడ్డించడమేమిటంది. ఆ అమ్మాయి వినలేదు. ఆవిడ విస్తట్లో అన్నం పెట్టింది, పప్పు పోసింది, మళ్లీ కాస్త పోసింది. మా అందరికీ వడ్డించి తనూ వచ్చి కూర్చుంది.

పలాసలో పనిచేసినన్నాళ్లూ పైడితల్లి నిలబడే తినేదట. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది తినేది. తోటలోనూ అంతే, అందరి తరవాతే. ఇప్పుడు ఎదుట విస్తరి పెట్టుకుని, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. కాసేపటికి నా వైపు వంగింది.

"పంతులమ్మా, నాను ముందల కలిపితే బాగోదేమో."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది.

"తినవమ్మా, వరసంతా నీకోసమే ఆగింది" అని కసిరాను.

కసిరాక చూద్దును కదా, నిజమే. ఉమామహేశ్వరరావుగారి దగ్గర్నుంచి అటు చివరిదాకా ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. పైడితల్లి కూడా ఒకసారి తల తిప్పి అటూ ఇటూ చూసింది. తరవాత తల దించుకుని మొదటి ముద్ద కలిపింది. ఆవిడ నోట్లో పెట్టుకున్నాక మేమంతా తిన్నాం.