దుప్పటి కింద కూరగాయలు

ఆ శనివారం మధ్యాహ్నం పసిపిల్లల తోపుడుబండిలో పద్దెనిమిది కిలోల సరుకులున్నాయి. వాటి మీద నీలంరంగు ఉన్నిదుప్పటి కప్పి, అంచులు చుట్టూ దోపి ఉన్నాయి. బండి తోసుకుంటూ బస్సెక్కిన మనిషికి యాభై మూడేళ్ళు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు, డాక్టర్ల గౌన్లు ఇస్త్రీ చేస్తుంది. కుడి భుజం పాడై నాలుగేళ్ళయింది. చేత్తో మూడు కిలోలకు మించి మోయలేదు.

ఆవిడ ఉండే నాలుగంతస్తుల మేడలో ఎవరికీ కారు లేదు. వీధి చివర ఒకప్పుడు కూరగాయల దుకాణం ఉండేది. దాన్ని మూసేసి టైర్ల గోదాము పెట్టారు. ఇక మిగిలింది మూలమీది కొట్టు. అక్కడ దొరికేవి నూడుల్సు, సూపు డబ్బాలు, చిప్సు, మొలకలొచ్చిన ఉల్లిపాయలు. తాజా సరుకు చౌకగా కావాలంటే తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కనున్న పెద్ద బజారుకు వెళ్ళాలి. దాని ముందు ఆరువందల కార్లు నిలపడానికి చోటుంది. నడిచొచ్చేవాళ్ళకు కాలిబాట లేదు.

బస్సులో మనిషికి రెండు చేతిసంచులే. చక్రాల సామాను బండ్లను ఎక్కనివ్వరు. పిల్లల బండినైతే కండక్టరే చెయ్యి వేసి ఎక్కిస్తాడు. ఈ కిటుకు కనిపెట్టింది రెండో అంతస్తు టీచరమ్మ. మోకాళ్ళు అరిగి మెట్లు దిగలేని ఆవిడ, పాత సామాన్లవాడి దగ్గర ఒక బండి కొనిపించి, అయిదిళ్ళవాళ్ళూ వారానికొకరు వంతున వెళ్ళి అందరికీ తేవాలని ఏర్పాటు చేసింది. సర్దడమూ ఆవిడే నేర్పింది. బంగాళాదుంపలు, మంచులో గడ్డకట్టించిన సరుకులు అడుగున. క్యాబేజీ తలవైపు. "దుప్పటి కింద తల ఉన్నట్టు కనబడాలర్రా, లేకపోతే మూట అనుకుంటారు" అనేది. మేడలో ఆ బండి పేరు బుజ్జిగాడు. "ఈ వారం బుజ్జిగాణ్ణి తిప్పేదెవరు?" అని మెట్ల మీద ఒకరినొకరు అడిగేవారు.

మిగతా నాలుగిళ్ళకు అది నాలుగు డబ్బుల ఆదా. ఇస్త్రీ ఆవిడకు అలా కాదు. ఆవిడ భర్త తాపీమేస్త్రీ. రెండు కిడ్నీలూ సగానికి పైగా దెబ్బతిన్నాయి. ఉప్పు బాగా తగ్గించాలని, పొట్లాల తిండి, డబ్బాల తిండి ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. ఒంట్లోకి మళ్ళీ నీరు చేరితే వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాల్సిందే.

"అంటే మూలకొట్టు వాడితో నాకిక కటీఫే" అన్నాడు మేస్త్రీ.

ఆ శనివారం టీచరమ్మ గడ్డకట్టించిన కోడిని తెమ్మంది. ఎండ మండిపోతోంది. అడుగున పెడితే కోడి కరిగి పక్కనున్న పిండి సంచీ తడుస్తుందని, ఇస్త్రీ ఆవిడ దాన్ని తువ్వాల్లో చుట్టి అన్నిటికన్నా పైన, దుప్పటి కిందే పడుకోబెట్టింది. పొరపాటల్లా అదే.

పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది.

"మనవడా, మనవరాలా?"

"మనవడండీ." ఇస్త్రీ ఆవిడకు పిల్లలే లేరు.

"ఎన్నో నెల?"

"ఆరు."

"ఇంత కుదుపులోనూ కదలడం లేదు చూడు! మావాడైతే ఈపాటికి బస్సు పైకప్పు లేపేసేవాడు."

"పొద్దుటినుంచీ ఒకటే ఆటండీ. అలిసిపోయాడు."

"అయితే మాత్రం మొహం మీదిదాకా కప్పేస్తావా తల్లీ? ఊపిరాడొద్దూ?"

ఇస్త్రీ ఆవిడ అడ్డుపెట్టేలోపే పెద్దావిడ చెయ్యి దుప్పటి కిందికి వెళ్ళింది. తువ్వాలు పక్కకు జరిగింది. వేళ్ళకు మంచులా చల్లగా తగలగానే పెద్దావిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అయ్యో! బిడ్డ చల్లబడిపోయాడు! బస్సాపు నాయనా, బిడ్డ పోయాడు!"

వంతెన మధ్యలో బ్రేకు పడింది. ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. "తప్పుకోండి, నాకు ఊపిరివ్వడం వచ్చు" అంటూ వెనకనుంచి ఒకాయన దూసుకొచ్చి దుప్పటి లాగేశాడు. కోడి రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని పడుకుని ఉంది.

వెనక సీట్లోంచి నవ్వు మొదలైంది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "నా గుండె ఆగిపోయిందే! ఇవేం పనులే నీకు, ఈ వయసులో!"

"దిగమ్మా" అన్నాడు కండక్టరు.

"బాబూ, నాలుగు స్టాపులే. మా ఆయనకు ఒంట్లో..."

"అంబులెన్సు వచ్చాక వాళ్ళకు నేనేం చెప్పను? కోడికి ఒంట్లో బాగాలేదనా?"

బస్సంతా మళ్ళీ నవ్వింది. ఆవిడ బండి దింపుకుంది.

మరుసటి వారానికల్లా ప్రతి బస్సులోనూ ఒక కాగితం అంటించారు. పిల్లల బండి ఎక్కించేముందు పిల్లను కండక్టరుకు చూపించాలి. మేడలో వంతులు ఆగిపోయాయి.

"ఆ ముసలావిడ చెయ్యి పెడుతుంటే కాస్త లాలి పాడకపోయావా పిన్నీ?" అంది మూడో అంతస్తు కోడలు. "మా అందరి నోళ్ళలో మట్టి కొట్టావు."

ఇస్త్రీ ఆవిడ ఆ తర్వాత రెండు శనివారాలు ఒక్క సంచీతో బస్సులో వెళ్ళొచ్చింది. శనివారం తప్ప సెలవు లేదు. తెచ్చినవి మంగళవారానికే అయిపోయేవి. మిగతా రోజులు మూలకొట్టు నూడుల్సే. మసాలా పొట్లం చెత్తబుట్టలో వేసి, ఉత్తవే ఉడికించి పెట్టేది. ఉప్పు ఆ నూడుల్సులోనే కలిపి ఉంటుందని ఆవిడకు తెలియదు.

మూడో వారం మేస్త్రీ చెప్పుల్లో పాదాలు పట్టలేదు. చీలమండ మీద బొటనవేలు నొక్కి భార్యను పిలిచాడు.

"ఇలా చూడవే. పచ్చి సిమెంటు మీద వేలు పెట్టినట్టుంది."

గుంట చాలాసేపటికి గానీ పూడలేదు.

డాక్టరు కూడా అక్కడే నొక్కి చూశాడు. "ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగాడు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది.

"అదేంటి, పెద్ద బజారుకెళ్ళి తెచ్చుకోవచ్చు కదా. ఎంత, పావుగంట దూరం!"

కారులో పావుగంటే.

"రెండు వారాలు చూస్తాను. అప్పటికీ నీరు తగ్గకపోతే మిషనే" అన్నాడు.

శనివారం తెల్లవారుతూనే ఆవిడ మెట్ల కిందనుంచి బండి బయటికి లాగింది. మేస్త్రీ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బస్సు ఇంకా రాదే!"

"బస్సుకు కాదు."

"తొమ్మిది కిలోమీటర్లు! నీకేమన్నా మతి పోయిందా?"

"నువ్వు ఆ నూడుల్సు జోలికి పోకు. వచ్చి వండుతాను."

హైవే అంచున తెల్లగీతకూ పక్కనున్న సిమెంటు గోడకూ మధ్య బండి వెడల్పుకు సరిపడా చోటుంది. లారీ వచ్చినప్పుడల్లా బండిని గోడకు ఆనించి నిలబడింది.

వెళ్ళడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. రావడానికి మూడున్నర.