చంక అని రాసినందుకు

నేను రాసిన ప్రోగ్రామును నేనే కాపీ కొట్టానని చెప్పి నన్ను ఫెయిలు చేశారు. నిజంగా కాపీ కొట్టినవాణ్ని పాసు చేశారు. ఇది నా అనుమానం కాదు. ఎవరు రాశారో, ఎవరు ఎత్తుకున్నారో తేల్చే మాట ఒకటి ఆ కాగితాల్లోనే ఉంది. పరీక్షకులు దాన్ని చూశారు, అర్థం అడిగారు, చెప్తే నవ్వారు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. తర్వాత బెంగళూరు చిక్కపేటలో గుడ్డల హోల్‌సేలు దుకాణంలో చేరాను. తొంభైల మధ్యలో మా సేటు ఒక కంప్యూటరు కొన్నాడు, ఏ అరలో ఏ సరుకుందో రాసిపెట్టుకోవడానికి. అమ్మినవాళ్లు రెండు రోజులు నేర్పి వెళ్లిపోయారు. దాంతో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని ఎవరూ తెరవలేదు. నేను తెరిచాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు, రెండోసారి కోపం వచ్చింది, మూడోసారి అర్థమైంది.

అక్కణ్నుంచి ఆగలేదు. బడి చదువు లేనివాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష రాసి దూరవిద్యలో డిగ్రీ చేశాను. ఆ తర్వాత, యాభై దాటాక, కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్సీకి చేరాను. ఈ వయసులో ఎందుకని అందరూ అడిగారు. మా వీధి చివరి ట్యుటోరియల్లో పాఠం చెప్పాలని నా కోరిక. అది నడిపేవాడు సూటిగానే చెప్పాడు: "నీకు వచ్చునని నాకు తెలుసప్పా. అయితే బోర్డు ముందర నిలబడేదానికి కాగితం కావల్ల." ఆ కాగితం కోసం చేరాను.

ఆదివారాలు ఒక కాలేజీలో క్లాసులు. తక్కినవాళ్లంతా ఉద్యోగాల్లో ఉన్న పాతికేళ్లవాళ్లు. మొదటి ఆదివారం నన్ను అటెండరనుకుని ఒకతను బల్ల జరపమన్నాడు. జరిపాను. జరిపి, ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఇక ఆ మాట సంగతి. దేన్నైనా వరుసలో పెట్టాలంటే రెండింటిని అటుది ఇటు, ఇటుది అటు మార్చాలి. కంప్యూటరులో ఒక గడిలో ఒకటే పడుతుంది. కొత్తది పెడితే పాతది పోతుంది. అందుకని ముందు ఒకదాన్ని మూడో చోట దాచి, రెండోదాన్ని దాని గడిలోకి జరిపి, దాచినదాన్ని తెచ్చి ఖాళీ అయిన గడిలో పెట్టాలి. ఆ మూడో చోటికి పుస్తకాలన్నీ 'టెంప్' అని పేరు పెడతాయి. మాస్టారు బోర్డు మీద మూడు గ్లాసులు గీసి అరగంట చెప్పాడు. నాకు గ్లాసులు అక్కర్లేదు. దుకాణంలో పై అరలో ఉన్న గుడ్డ తానును, కింది అరలో ఉన్న తానును మార్చాలంటే ఏం చేస్తాం? ఒక చెయ్యి నిచ్చెన పట్టుకోవడానికే సరిపోతుంది. ఒక తానును చంకలో ఇరికించుకుంటాం, రెండోదాన్ని దాని చోట్లోకి తోస్తాం, చంకలోది తీసి ఇక్కడ పెడతాం. ఆ పని నేను కొన్ని వేలసార్లు చేసి ఉంటాను. అందుకే నా ప్రోగ్రాములన్నిట్లో ఆ మూడో చోటికి ఇంగ్లీషు అక్షరాల్లో 'చంక' అనే పేరు పెట్టుకున్నాను. ఏ పేరు పెట్టినా కంప్యూటరుకు అభ్యంతరం లేదు.

ఆఖరి ఏడు ప్రాజెక్టు కూడా దుకాణం మీదే చేశాను. ఏ తాను ఏ అరలో ఉంటే మనిషి తక్కువసార్లు నిచ్చెనెక్కాలో చెప్పే ప్రోగ్రాము. ఎనిమిది నెలలు పట్టింది. అది పూర్తయ్యే రోజుల్లో, బ్రూక్‌ఫీల్డ్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మా క్లాసు యువకుడు నా దగ్గరికి వచ్చాడు. అతనికి తెలుగు రాదు, కన్నడమూ రాదు. ఇంగ్లీషు మాత్రం ధారగా మాట్లాడతాడు. "అంకుల్, ఒక్కసారి ఫ్లాపీ ఇవ్వండి. మీరెలా రాశారో చూసి ఇచ్చేస్తాను," అన్నాడు. ఇచ్చాను. వారానికి తిరిగి తెచ్చిచ్చాడు, ఒక మైసూరు పాకు పెట్టెతో సహా.

వైవా రోజు ఇద్దర్నీ కలిపి లోపలికి పిలిచారు. బయటినుంచి వచ్చిన పరీక్షకులు ఇద్దరు, ఎవరికీ తెలుగు తెలియదు. బల్ల మీద రెండు ప్రాజెక్టులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అతను నా తానులు తీసేసి పుస్తకాలు పెట్టాడు, దుకాణం తీసేసి లైబ్రరీ పెట్టాడు. తక్కిందంతా వరుసకు వరుస నాదే. పెద్దాయన ఒకచోట వేలు పెట్టి, "రెండింట్లోనూ ఇది ఉంది. ఏమిటీ చంక?" అని ముందు అతన్ని అడిగాడు.

అతను రెప్ప వెయ్యలేదు. "ఛానెల్ కీ అడ్రస్, సార్. మొదటి అక్షరాలు కలిపి పొట్టిగా రాశాను."

పెద్దాయన తలూపి ఏదో రాసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. నేను ఎడమ చెయ్యి పైకెత్తి, కుడి వేలితో చూపించాను. "ఆర్మ్‌పిట్, సార్."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక పెద్దాయన మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇది వైవా. పెద్దవారు, ఇలాంటి పరాచికాలు బాగుండవు."

పరాచికం కాదని నిచ్చెన సంగతి మొదలుపెట్టాను. చెయ్యి ఇంకా పైనే ఉంది. రెండో ఆయన వాచీ చూసుకున్నాడు. అబద్ధం పాఠంలాగా వినిపించింది, నిజం ఎగతాళిలాగా వినిపించింది. అంతే జరిగింది.

బయటికొస్తే ల్యాబు చూసుకునే ఆవిడ ఎదురైంది. బొమ్మనహళ్ళి నుంచి వచ్చేది, మన తెలుగావిడే.

"ఏమన్నా, అంతసేపు చెయ్యెత్తుకోని నిలబడుండావు? శిక్ష ఏసినారా?"

"చంక చూపిస్తా ఉండానమ్మా."

"ఎవురికి?"

"ఎగ్జామినర్లకి."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జరిగిందంతా చెప్తే నవ్వు ఆపేసింది. "అది మన మాట గదన్నా! తెలుగే రాని మనిషి ఆ పేరు యాడినుంచి తెచ్చినాడని ఒక్కరూ అడగలేదా? జాబు రాయన్నా. ఇడవొద్దు."

ఫలితాల్లో నా పేరు పక్కన 'సొంత పని కాదు' అని వచ్చింది. యూనివర్సిటీకి జాబు రాశాను. చంక తెలుగు మాట, ఆ అబ్బాయికి తెలుగు రాదు, తెలుగు తెలిసిన ఒక అధ్యాపకుణ్ని పిలిచి అడగండి, ఇంతే రాశాను. మీ ఉత్తరం అందిందని కార్డు వచ్చింది. మళ్లీ రాస్తే ఫారం నింపమన్నారు. నింపి పంపితే, ఆ ఫారం రాతపరీక్షలకే గాని ప్రాజెక్టులకు కాదన్నారు. కోర్సు రెండేళ్ల ల్యాబు రికార్డులు నకలు తీయించి పంపాను. ప్రతి ప్రోగ్రాములోనూ చంక ఉంది, ప్రతి పేజీ కిందా మాస్టారి సంతకం ఉంది. జవాబు లేదు. మూడు నెలలకొకసారి రాస్తూనే ఉన్నాను.

"చంక గురించి ఇన్ని జాబులు రాసినోళ్లు ఈ బెంగళూరులో ఇంకెవురూ ఉండరు," అనేది మా ఆవిడ. అంటూనే స్టాంపులు అంటించేది.

ఆ యువకుడి మీద నాకున్న కోపం కొంచెమే. వాడు దొంగతనం చేశాడు, అదీ దొరికిపోయేలా చేశాడు. దొరికినవాణ్ని కూడా పట్టుకోలేని పెద్దమనుషుల మీదే నా కోపమంతా. ఏడో తరగతి మనిషి, గుడ్డల దుకాణం మనిషి ఇంత రాయలేడని వాళ్లు ముందే నిర్ణయించుకున్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ మర్యాదకు అడిగినవే.

మొదటి జాబు రాసిన ఐదో ఏడు ఒక పొడుగు కవరు వచ్చింది. లోపల ఇంగ్లీషులో టైపు చేసిన ఒక్క కాగితం. తెలుగులో అది ఇది:

"మీ విన్నపాలను కొత్తగా ఏర్పడిన సంఘం పరిశీలించింది. తెలుగు తెలిసిన అధ్యాపకుని అభిప్రాయం తీసుకున్నాము. సదరు మాటకు మీరు చెప్పిన అర్థమే సరైనదనీ, ప్రాజెక్టు మీ సొంత పనే అనీ నిర్ధారించడమైనది. 'సొంత పని కాదు' అన్న వ్యాఖ్యను తొలగించాము. అయితే కోర్సు పూర్తి చేయడానికి అనుమతించిన గరిష్ఠ గడువు ఈలోగా ముగిసినందున మీకు పట్టా ఇవ్వడం వీలుపడదు. కోరుకుంటే మీరు కొత్త విద్యార్థిగా మళ్లీ చేరవచ్చు. వయోపరిమితి లేదు."