చివరి పేజీలోని జాబితా

లైబ్రేరియన్ మేడమ్ ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు నూరిపోసేది ఒకటే: "ఒక్క మంచి వ్యాసం దొరికితే చాలమ్మా. దాని చివర ఉండే ఆధార రచనల జాబితా పట్టుకుని వెనక్కి పోతూ ఉండు."

ఆ మధ్యాహ్నం ఒక పరిశోధక విద్యార్థిని పుట్టుగుడ్డివాళ్ల కలల మీద సమాచారం కావాలంది. ఒకప్పుడు మేడమ్ థీసిస్ కూడా దాని మీదే. గైడు మీద కోపంతో, రాసినదంతా ఒక్కరికీ చూపించకుండా పొయ్యిలో పెట్టేసింది.

ఆన్‌లైన్ డేటాబేస్‌లో నిరుడు అచ్చయిన వ్యాసం ఒకటి దొరికింది. అలవాటు కొద్దీ చివరి జాబితా తెరిచింది. అందులో తన పేరు, తన థీసిస్, రెండు వందల పన్నెండో పేజీ.

"మేడమ్, ఇది మీ పేరే కదా!" అంది అమ్మాయి సంబరంగా.

మేడమ్ ఆ పేజీ సంఖ్యనే మళ్లీ చదివింది. ఆమె రాసింది నూట నలభై పేజీలే.