టీవీ నోరు నొక్కిన కండక్టరు

రిటైరైన ఆ బస్సు కండక్టరు గురించి వీధిలో చెప్పుకున్న మాటలు చాలావరకు తప్పు. చెవుడు వచ్చింది గనుకనే టీవీ శబ్దం తీసేస్తాడని ఎదురింటివారు తేల్చారు. తన గొంతు తప్ప మరో గొంతు ఆయనకు గిట్టదని పాత డ్రైవరు మిత్రుడు అన్నాడు. ఆటల్లో ఓనమాలు రావని స్వయానా అల్లుడే అన్నాడు. ఈ చివరి మాటను మాత్రం పూర్తిగా కొట్టివేయలేము.

ప్రపంచ క్రీడలు మొదలైతే చాలు, ఆయన టీవీ నోరు నొక్కి తన నోరు తెరిచేవాడు. వ్యాఖ్యానమంతా బస్సు భాషే. "ముందున్నామె ఇంకా ముందుకు జరిగింది. మధ్యలో ఒకటే తొక్కిసలాట. పచ్చ బనీనామె ఫుట్‌బోర్డు మీదుంది, ఏ క్షణాన్నైనా దిగిపోతుంది!" ఈత పోటీ చూసినా, "లోపలంతా ఖాళీయే, జరగండి" అనేవాడు.

ఆ మాటలను చూపు పోయిన అక్క మంచం మీద నుంచి వినేది. ఆ ఏడు పోటీల్లోనూ ఆమె కూతురు పదివేల మీటర్ల పరుగులో ఉంది.

పందెం నాటి సాయంత్రం అల్లుడు వచ్చాడు.

"మామయ్యగారూ, ఈ ఒక్క పూటా సౌండు పెట్టండి. నిపుణులు చెబుతారు."

"నిపుణులా! వాళ్లకి ముందు సీట్లే కనబడతాయి అల్లుడుగారూ. వెనక సీట్లవాళ్లు టికెట్టు కొనలేదా?"

ఆ కోపం న్యాయమైనదే. పరుగుకు ముందు కెమెరా ఆ పిల్ల మోచేతిని మాత్రం చూపి పక్కకు తప్పుకొంది.

"అదిగో మన పిల్ల!"

"మోచెయ్యి చూసి చెప్పేస్తారా?"

"చిన్నప్పుడు గోడెక్కి పడితే కట్టు కట్టించింది నేనేనయ్యా. ఆ వంకర నాకు తెలియదా?"

పరుగు మొదలైంది. టీవీ ముందున్న ముగ్గురినే చూపింది. ఆ తరువాత బల్లెం విసిరేవాడిని చూపింది, ఆపై సబ్బు ప్రకటన వేసింది. కండక్టరు మాత్రం ఆగలేదు. "ఉందక్కా, బండిలోనే ఉంది. వెనక వరసే, కానీ గట్టిగా నిలబడింది." సబ్బు నురగ మీద మేనకోడలు పరుగెడుతూనే ఉంది.

అల్లుడికి ఒళ్లు మండింది. రిమోట్ లాక్కొని శబ్దం పెంచాడు.

నిపుణుల గొంతులు గదిలోకి వచ్చిపడ్డాయి. ముందున్న ముగ్గురి తిండి గురించి, బూట్ల గురించి వివరించి, ఒకామె కుక్కపిల్ల పేరు కూడా చెప్పారు. ముసలామె దిండు మీంచి తల ఎత్తి చాలాసేపు వింది.

"ఒరే తమ్ముడూ, కుక్క పేరు కూడా చెప్పారు. మన పిల్ల పేరు రాలేదేంరా? పడిపోయిందా?"

కండక్టరు రిమోట్ కోసం చెయ్యి చాచాడు. కొన్నేళ్ల కిందటి పోటీల్లోనూ టీవీ ఆ పేరు పలకలేదు; ఆ వారమంతా అక్క ముద్ద ముట్టలేదు. ఒక్క పందేనికే శబ్దం ఆపితే అనుమానిస్తుందని ఆయన అప్పటి నుంచి అన్ని ఆటలకూ ఆపాడు. ఆ సంగతి అల్లుడికి అప్పుడు తట్టింది. తన చేత్తోనే టీవీ నోరు నొక్కాడు.

"పెద్దమ్మగారూ, ఇది నిన్నటి పందెం. నేనే తప్పు ఛానల్ పెట్టాను. మామయ్యగారూ, మనది చెప్పండి."

"వాడి గొంతు అలిసింది. నువ్వే చెప్పు నాయనా."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "ఉందండీ... కడ్డీ పట్టుకుని... గట్టిగా నిలబడింది."

"పరుగులో కడ్డీ ఏమిటి నాయనా!" అని ఆమె పకపకా నవ్వింది.

ఆ పిల్ల చివరి నుంచి రెండవదిగా చేరిందని మర్నాడు తెలిసింది. చలికాలం రాకముందే మంచం ఖాళీ అయింది. తరువాతి క్రీడలప్పుడు ఆ ఇంట్లో టీవీ నిండు గొంతుతో మోగింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మేనకోడలు గెలుస్తోందని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఉందని మాత్రమే అన్నాడు. ఉన్న మాటే అది. టీవీ చూపని కూతుర్ని చూపు లేని తల్లికి చూపించాడు.