ఆడపడుచు ఇంటి పాచి

ఫెన్నా ఇంటి కిటికీలకు అద్దాలున్న సంగతి తెలియక పిచ్చుకలు వచ్చి గుద్దుకునేవి. అంత శుభ్రంగా తుడిచేది వాటిని. గ్రోనింగెన్ ఆసుపత్రి లాండ్రీలో ఆమె పడుచుపిల్లగా చేరింది. రిటైరయ్యే నాటికి ఆ లాండ్రీ మొత్తం ఆమె చేతికింద నడిచేది. ఆపరేషన్ గదుల దుప్పట్లు, డాక్టర్ల కోట్లు మరిగే నీళ్లలో ఉడికి, ఆరి, ఇస్త్రీ అయి, ఆమె కళ్లముందు నుంచి దాటితే గాని పై అంతస్తులకు వెళ్లేవి కావు. ఎక్కడైనా గోరంత మరక కనబడిందంటే మొత్తం బండిని వెనక్కి తిప్పించేది. పనివాళ్లు వెనకాల గొణుక్కునేవారు గాని, ఆమె ఉన్నన్నాళ్లూ లాండ్రీ మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

అలాంటి మనిషికి, రిటైరైన రోజున తోటివాళ్లు ఒక గాజుతొట్టె, అందులో మూడు బంగారు చేపలు బహుమతిగా ఇచ్చారు.

"ఇంక ఉతకడానికేం ఉండదుగా, వీటిని చూసుకో" అని నవ్వారు.

ఫెన్నా నవ్వలేదు. చేతికిచ్చిన పని సరిగ్గా చేయాలి, అంతే అనుకుంది.

భర్త హార్మ్, వీన్‌డామ్ ఊరి కాలువ మీద పడవ వచ్చినప్పుడల్లా వంతెన ఎత్తే పని చేసి, మోకాలు పాడై ఇంట్లో కూర్చున్న మనిషి. అతనికి చేపలు తెగ నచ్చాయి. బొజ్జ ముందుకు పెట్టుకుని, తోకమీద తెల్లమచ్చతో తాపీగా తిరిగే చేపకు 'మేయర్‌గారు' అని పేరు పెట్టాడు. మిగతా రెండింటికీ పేర్లు ఆలోచిస్తూ ఉండగానే అవి జబ్బుపడ్డాయి.

ఫెన్నా చేయాల్సిందంతా చేసింది. శనివారం వచ్చిందంటే చేపలను బకెట్‌లోకి దింపేది. నీళ్లన్నీ పారబోసేది. అడుగున పరిచిన గులకరాళ్లను వంటింట్లో ఉడకబెట్టేది. గాజుకు వెనిగర్ రాసి కడిగేది. ఫిల్టర్‌లోని స్పాంజిని సలసల కాగే నీళ్లలో పిండి పిండి, కొన్న రోజున ఉన్న తెలుపు వచ్చేదాకా వదిలేది కాదు. తొట్టె నిండా కొత్త నీళ్లు పోసి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే ముచ్చటేసేది. తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలికోసం కొట్టుకులాడేవి. రెండు రోజుల్లో నీళ్లు పాలు కలిపినట్టయ్యేవి. ఆమె మళ్లీ బకెట్ తెచ్చేది.

అలాంటి ఒక ఆదివారం హార్మ్ అక్క గీస్కె కాఫీకి వచ్చింది. కాలువ అవతలి వీధిలోనే ఉంటుంది. కుక్క వెంట్రుకలంటిన స్వెటర్‌తోనే వచ్చి సోఫాలో కూలబడింది. ఫెన్నా బిస్కెట్ల డబ్బా ఒకసారి అందరి ముందుకూ తిప్పి, తలా ఒకటి తీసుకోగానే మూత పెట్టేసింది. గీస్కె మెడ సాచి తొట్టెలోకి చూసింది.

"ఏంటి ఫెన్నా, ఇవి నోళ్లు తెరుచుకుని పైపైనే తేలుతున్నాయి? ఆకలా?"

"నీళ్లు నిన్ననే మార్చాను."

"అదీ సంగతి! స్నానాలు చేయించి చేయించి చంపేస్తావు నువ్వు వాటిని. మావి చూడు, తొట్టె ఎప్పుడు కడిగానో నాకే గుర్తులేదు. గుప్పెడేసి లావున ఉన్నాయి ఒక్కొక్కటీ."

"నీ ఇంట్లో ఏది కడిగావని గుర్తుండడానికి?"

"అనమ్మా, అను. పోయేవి నీ చేపలు, నావి కాదుగా."

ఫెన్నాకు ఒళ్లు మండిపోయింది. గీస్కె తొట్టె ఆమె ఎరగనిదా! గాజంతా ఆకుపచ్చ పాచి. లోపల చేపలున్నాయని తెలియాలంటే ముక్కు ఆనించి చూడాలి. ఆ పాచిలోంచి ఎర్రటి, బలిసిన చేపలు బద్ధకంగా బయటకు వచ్చి మనిషిని ఎగాదిగా చూసి వెళ్తాయి. ఏ న్యాయం ప్రకారం అవి బతుకుతున్నాయి, ఇవి చస్తున్నాయి?

ఆ మంగళవారం ఒక చేప వెల్లకిలా తేలింది. ఫెన్నా తొట్టెలోని నీళ్లు కొంచెం సీసాలో పట్టుకుని, సైకిలెక్కి, పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లింది. యజమాని టామో సీసాలోంచి కాసిని నీళ్లు తీసి ఏదో మందు చుక్కలు వేశాడు. నీళ్లు ముదురాకుపచ్చగా మారాయి.

"విషం మేడమ్. చేపలు విసర్జించిందే వాటికి విషమవుతుంది. దాన్ని తినేసే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలోనూ రాళ్లమీదా కాపురముంటాయి. మీరు స్పాంజి ఎలా కడుగుతున్నారు?"

"ఎలా ఏంటి? వేణ్ణీళ్లలో."

టామో మొహం అదోలా పెట్టాడు. "వారం వారం వాటిని ఉడకబెట్టి చంపేస్తున్నారన్నమాట."

"నన్ను క్రిముల్ని పెంచమంటారా?"

"మంచి క్రిములు మేడమ్."

"మంచి క్రిములట! జన్మంతా ఆసుపత్రిలో చేశాను, నాకు ఒక్కటీ కనబళ్లేదు."

అతను ఓపిగ్గా చెప్పాడు. స్పాంజి ముట్టుకోవద్దు. రాళ్లు తీయొద్దు. ముందురోజే పట్టి గదిలో ఉంచిన నీళ్లతో రోజూ కొంచెం కొంచెమే మార్చాలి. మేత చిటికెడే వెయ్యాలి. అలా ఉంటే కొన్ని వారాల్లో తొట్టె దానంతటదే కుదురుకుంటుంది. "కాని మీ చేపలు అన్నాళ్లు ఆగుతాయో లేదో. పాత తొట్టె ఉన్నవాళ్లెవరైనా తెలిస్తే, వాళ్ల ఫిల్టర్‌లోంచి మురికి స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ దాంట్లో వెయ్యండి. తొందరగా అందుకుంటుంది. ఎవరైనా ఉన్నారా?"

"లేరు" అంది ఫెన్నా వెంటనే.

చెప్పినట్టే చేద్దామని ఇంటికొచ్చింది. వారం కూడా గడవలేదు. నీళ్లు మసకబారాయి. స్పాంజి గోధుమరంగుకు తిరిగింది. వంటింట్లోకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అది కనబడేది. చేతులు లాగేవి. ఒక పొద్దున హార్మ్ లేచేసరికి ఆమె సింకు దగ్గర నిలబడి స్పాంజిని పిండుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"కొంచెమే. పైపైన."

"కొంచెమే ఏంటి, తెల్లగా వచ్చేసింది!"

మర్నాడు రెండో చేప పోయింది. హార్మ్ కోప్పడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం అరిచాడు.

"వంతెన ఎత్తాక నా పనేంటో తెలుసా? పడవ దాటేదాకా దేన్నీ ముట్టుకోకపోవడం! అంతే పని! నీకది చేతకాదు!"

"చేతకాదా? నాకా? మరి నువ్వు చాటుగా రొట్టెముక్కలు విసరడం నేను చూళ్లేదనుకున్నావా? రాళ్లసందుల్లో ఏం తీశానో చూపించమంటావా?"

హార్మ్ మొహం చిన్నబోయింది. "మేయర్‌గారు అడిగితేనూ..."

"చేప అడిగిందట!"

తొట్టెలో మేయర్‌గారు ఒంటరిగా ఒక మూలన నక్కి, రెక్కలు ఒంటికి కరుచుకుని ఉన్నాడు. తోకలో సన్నటి ఎర్రజీరలు తేలాయి. ఫెన్నా చాలాసేపు అలా చూస్తూ కూర్చుంది. జీవితమంతా ఏది సరైన పనో తెలిసిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ సరైన పనే ముంచుతోంది. ఎవరిమీద విరుచుకుపడాలో తెలియలేదు.

మధ్యాహ్నం గాజుజాడీ ఒకటి తీసుకుని, కడిగి, సైకిల్ బుట్టలో పెట్టుకుని కాలువ దాటింది.

గీస్కె తలుపు తీసి, జాడీ వైపు చూసింది. "జామ్ కోసం వచ్చావా?"

"కాదు. నీ చేపలతొట్టె ఫిల్టర్‌లోంచి స్పాంజి ముక్క కావాలి."

"కొత్తది టామో దగ్గర దొరుకుతుందిగా."

"కొత్తది కాదు. వాడిందే కావాలి."

"వాడిందంటే?"

ఫెన్నా పళ్లు బిగించింది. "మురికిది, గీస్కె. నీ ఇంటి మురికి కావాలి నాకు. చాలా?"

గీస్కె ద్వారబంధం పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగలేదు. లోపల కుక్క మొరగడం మొదలుపెట్టింది. ఫెన్నా జాడీ పట్టుకుని గుమ్మంలో నిలబడి అదంతా భరించింది. నవ్వు అయ్యాక గీస్కె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, ఫిల్టర్ విప్పి, నల్లగా జారుతున్న స్పాంజిని వంటింటి కత్తెరతో సగానికి కోసింది. ముక్కను జాడీలో వేసి, తొట్టెలోని నీళ్లే పైన పోసింది. పని చేస్తూ చేస్తూనే, తల ఎత్తకుండా అంది:

"నీకు పెళ్లయిన కొత్తలో మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు, నేనిచ్చిన కాఫీ కప్పు తీసుకెళ్లి మళ్లీ కడుక్కుని తాగావు. గుర్తుందా?"

"లేదు."

"నాకుంది."

ఫెన్నా జాడీ మూత గట్టిగా బిగించి, "కాఫీ ఉందా?" అంది. గీస్కె పోసిచ్చింది. కప్పు అంచున పాత మరక ఉంది. ఫెన్నా చూసింది, తాగింది.

ఆ ముక్కను తన ఫిల్టర్‌లో తన చేత్తోనే దూర్చింది. తర్వాతి రోజులు ఆమెకు నరకమే. హార్మ్ బకెట్‌ను షెడ్‌లో పెట్టి తాళం వేశాడు, కాసిని నీళ్లు మార్చడానికి జగ్గు ఒక్కటి వదిలాడు. మేత డబ్బాను ఆమె బీరువాలో పెట్టి తాళం వేసింది. తుడవడానికి ఇంకేం లేక ఆమె కిటికీలు తుడిచింది, గేటు తుడిచింది, పొరుగింటి గేటు కూడా తుడిచింది. నీళ్లు తేటపడటానికి పది రోజుల పైనే పట్టింది. మేయర్‌గారు మూలలోంచి బయటికొచ్చాడు. ఎర్రజీరలు పోయాయి గాని తోక అంచు మాత్రం చిరిగినట్టే ఉండిపోయింది.

గెలిచినట్టు మాత్రం ఫెన్నాకు అనిపించలేదు. బజారులో చీజ్ కొంటుంటే కొట్టువాడు, "గీస్కె మీకు మురికి ఇచ్చిందటగా?" అన్నాడు. చర్చి పాటల బృందంలో అందరికీ తెలిసిపోయింది. గీస్కె ఇప్పుడు ప్రతి ఆదివారం "నా స్పాంజి ఎలా ఉంది?" అంటూ వస్తోంది. ఫెన్నా పళ్లు నూరుకుంటూ కాఫీ పోస్తుంది, బిస్కెట్ల డబ్బా మూత తీసే ఉంచుతుంది.

మొన్న మేత కొనడానికి వెళ్తే టామో, "మీ చేప ఎంత పెరిగింది?" అని అడిగాడు. ఆమె చేత్తో చూపించింది.

"ఆ తొట్టె సరిపోదు మేడమ్. అది ఇంకా పెరుగుతుంది. రెండింతల తొట్టె కావాలి, తోడుగా ఇంకో చేప ఉంటే మంచిది."

ఫెన్నా ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా కొలతటేపు తీసింది.

"కొత్త తొట్టె పట్టాలంటే ఆ సోఫా తీసెయ్యాలి" అంది.

"మరి నేనెక్కడ కూర్చోను?" అన్నాడు హార్మ్.

"ముందు ఈ టేపు కొస పట్టుకో. గోడకి ఆనించి పట్టుకో. అలా కాదు, తిన్నగా! ఒక్క పని సరిగ్గా చేసి చావవు కదా!"