ఇరవై తొమ్మిది రోజుల నెల

శుక్రవారం పొద్దున ప్రార్థనకు బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి ఫోను పట్టుకుని వచ్చి, "ఏవండీ, అన్నయ్యగారు పోయారంట" అంది. అని అక్కడే నేలమీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. మా టీమ్ లీడ్‌ని సొంత అన్నలా చూసుకునేది. ఛాతీలో నొప్పని రెండు రోజుల క్రితం ఖోబర్‌లో ఆస్పత్రిలో చేరారు. ఆదివారం డ్యూటీకి వచ్చేస్తానని ముందురోజే నాతో ఫోనులో చెప్పారు. పొద్దున టిఫిన్ తింటూ మంచం మీదే ఒరిగిపోయారట.

నాకు ఏడుపు రాలేదు. మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే మీరు ఛీ అంటారు. అనండి, పడతాను. "ఆ కుర్చీ ఇక నాదే" అనుకున్నాను. ఆ వెంటనే వచ్చింది ఇంకా సిగ్గుచేటు. నేను పోతే ఇలా నేలమీద కూలబడి ఏడ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారని లెక్కపెట్టాను. చచ్చిపోయిన మనిషిని చూసి కూడా కుళ్ళుకున్నవాణ్ణి నేను. కాబట్టి ఈ రాతలో చేతులు జోడించిన వినయం ఏదైనా కనిపిస్తే నమ్మకండి. ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది సౌదీలో, దమ్మామ్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రాస్ తనూరా వైపు రిఫైనరీ పనులు చేసే కాంట్రాక్టర్లకు గేట్ పాసుల సాఫ్ట్‌వేర్ చేస్తాం. పొద్దున బస్సు దిగిన కూలీ గేటు దగ్గర కార్డు పెడతాడు, పాసు చెల్లితే పచ్చ దీపం, చెల్లకపోతే ఎర్ర దీపం. మా లీడ్‌గారిది కడప వైపు, నాది గుంటూరు. కోడు రాయడంలో ఆయన నా ముందు దిగదుడుపే. గొప్పకు చెప్పడం లేదు, ఆ మాట ఆయనే అందరికీ చెప్పేవారు. "మా తమ్ముడు రాసినంత శుద్ధంగా నాకు రాదబ్బా" అనేవారు. అదిగో, సరిగ్గా అక్కడే నాకు ఒళ్ళు మండేది. పోటీకి వస్తే పోట్లాడవచ్చు. ముందే ఓడిపోయానని నవ్వే మనిషితో ఎలా పోట్లాడతాం?

ఎవరి కోడు పనిచేయకపోయినా ఆయన తన సీట్లోంచి కేకలు వేసేవారు కాదు. కింద చక్రాలున్న తన ఆఫీసు కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ ఆ మనిషి పక్కకు వచ్చి కూర్చునేవారు. ఆ కుర్చీకి ఒక చక్రం అరిగిపోయి కీచుమనేది. ఆ చప్పుడు ఎటు వెళుతోందో విని, ఇవాళ ఎవరి పని చెడిందో ఆఫీసంతా తెలుసుకునేది. వచ్చి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. కీబోర్డు ముట్టేవారు కాదు. "కీబోర్డు నీదే. నేను ఊరికే కూర్చుంటా. తప్పు తెర మింద ఉండాది గానీ మనిషి మింద లేదు" అనేవారు. అలా కూర్చుంటే సగం తప్పులు వాటంతట అవే దొరికేవి. మా పాకిస్తానీ టెస్టర్‌కైతే ఆయన పక్కన కూర్చుంటేనే బుర్ర పనిచేసేది. నేను కూడా ఒకటి రెండుసార్లు ఎవరి పక్కనో కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. వాళ్ళు బిగుసుకుపోయారు. నా చూపులోనే ఏదో ఉందేమో మరి.

సరే, ఆఫీసులో ఆయనది పైచేయి అనుకుందాం. శుక్రవారం ప్రార్థనలోనైనా నాకు దక్కాలి కదా! ఈ దేశంలో చర్చి ఉండదు కాబట్టి సెలవు రోజున మా నాలుగైదు కుటుంబాలు ఎవరో ఒకరి హాల్లో చేరి, కిటికీలు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకుంటాం. చిన్నప్పటి నుంచీ మా ఊరి చర్చిలో క్వాయర్‌లో పాడినవాణ్ణి, నాకు శ్రుతి ఉంది. ఆయనకు శ్రుతి అన్నదే లేదు. అయినా పాట ఎత్తుకునేది ఆయనే, అందరం ఆయన వెనకే పాడేవాళ్ళం. ప్రార్థనలో ఒక్కొక్కరి కష్టం పేరుపేరునా ఎత్తేవారు. నా వంతు వచ్చేసరికి, "నా తమ్మునికి మంచి తెలివి ఇచ్చినావు, నీకు స్తోత్రం" అనేవారు. నేను కళ్ళు తెరిచి ఆ మొహంలో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని వెతికేవాణ్ణి. ఉండేది కాదు. ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక అసలు సంగతి చెప్పాలి.

మా దగ్గర ఎవరు కోడు రాసినా ఇంకొకరు చదివి సరే అంటేనే అది ముందుకు పోతుంది. ఆ కట్టుబాటు పెట్టింది ఆయనే, తన కోడు చదివే పని ఇచ్చింది నాకే. ఒక కాంట్రాక్టరు పాసులన్నీ చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ నెలల లెక్కన ఉంటాయి. హిజ్రీ నెల ఒకసారి ముప్పై రోజులు, ఒకసారి ఇరవై తొమ్మిది. ఏ నెల ఎంతో క్యాలెండర్ చూసి రాసుకోవాలి. ఆయన తొందరలో అన్ని నెలలకూ ముప్పై రాసేశారు. అప్పుడు నడుస్తున్న నెల ఇరవై తొమ్మిదే.

నాకు ఒక్క చూపులో కనబడింది. "ఈ నెల ఇరవై తొమ్మిది రోజులే, లెక్క తప్పు" అని దాని కింద వ్యాఖ్య రాసి పెట్టేశాను కూడా. తల ఎత్తితే అవతల మా మేనేజర్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, కొత్త స్క్రీన్ బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుంటున్నాడు. ఆ స్క్రీన్ కట్టింది నేను. ఆయన నావైపు చెయ్యి చూపించి నా పేరు రెండుసార్లు చెప్పారు. మేనేజర్ చెవికి ఎక్కితేనా! మళ్ళీ ఆయన భుజమే తట్టాడు. రాసిన వ్యాఖ్య తీసేశాను. 'సరే' నొక్కాను. నిమిషం కూడా పట్టలేదు. ఒక్కసారి ఈయన పరువు పోవాలి, నాకు అంతే చాలు అనుకున్నాను.

నెల మారిన పొద్దున ఊరందరికీ ఒకటో తేదీ, మా సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇంకా ముప్పయ్యో తేదీ. పాత పాసుల గడువు ఇరవై తొమ్మిదో తేదీ, అవి నిన్నటితో అయిపోయాయి. కొత్తవి ఒకటో తేదీ నుంచి, అంటే దాని లెక్కన రేపటి నుంచి అని చూపిస్తోంది. గేటు దగ్గర వరసగా ఎర్ర దీపాలు. లెక్క సరిచేయడం నాకు పది నిమిషాల పని. దాన్ని గేటు దాకా చేర్చడానికి కావలసిన అనుమతులకు మాత్రం ఒక పూట పట్టింది. ఆయన నన్ను కారెక్కించుకుని, దారిలో నీళ్ళ కార్టన్లు కొని, నేరుగా గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. నడివేసవి. బస్సు దిగినవాళ్ళు కంచె పొడుగునా ఎండలో నిలబడి ఉన్నారు. తెలుగు మాట విని ఒక పెద్దమనిషి ముందుకు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, చేతిలో ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు.

"సారూ, నా ఇఖామా మంచిగనే ఉన్నది గదా? మల్ల లోపటికి ఎందుకు పోనిస్తలేరు? నేనేమన్న తప్పు చేసిన్నా?"

"నువ్వు గాదన్నా, తప్పు చేసింది నేను. నెలకు ఒక దినం ఎక్కువ లెక్కేసినా. ఇంగో గంటలో సరి అవుతాది" అని ఆయన నీళ్ళ సీసా మూత తీసి అతనికి ఇచ్చారు.

అతను నీళ్ళు తాగి నావైపు చూశాడు. "మీరు నీడకు పోండ్రి సార్. మాకు అలవాటే" అన్నాడు. నేను ఆయన పరువు తీద్దామనుకుంటే ఎండకు నిలబడింది వీళ్ళు. అయినా నాకు ముందే కనబడిందని చెప్పలేదు.

తిరిగి వస్తున్నప్పుడు కారులో ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు: "కనపడింది చెప్పేయల్ల తమ్ముడా. చెప్పకుంటే అది మనకాడే ఉండిపోతాది." తన పొరపాటు గురించి చెప్పుకుంటున్నారనుకున్నాను. "అవునన్నయ్యా" అన్నాను. ఆ కోడు చదివిందెవరని మేనేజర్ అడిగితే, "నేనే తొందరపెట్టి సరే అనిపించుకున్నా" అని ఆయన జవాబిచ్చారు. బతికిపోయానురా దేవుడా అనుకున్నాను. ఆయన రాసిన క్షమాపణ మెయిల్‌ను కూడా అందరూ మెచ్చుకున్నారు. పరువు పోవాల్సిన చోట ఇంకా పెరిగింది. దానికీ కుళ్ళుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలకే ఈ కబురు.

కాగితాలన్నీ పూర్తయి ఆయన్ని ఊరికి పంపడానికి వారం పట్టింది. మా పాకిస్తానీ టెస్టర్ సెలవు పెట్టి ఆఫీసులన్నీ తిరిగాడు. "హమారా బడా భాయీ థా", మా పెద్దన్న అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాడు. ఆయన భార్య, మా వదిన, బయలుదేరే ముందు మా ఇంట్లోనే ప్రార్థన పెట్టుకున్నాం. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేచి ఆయన కుర్చీ గురించి, పాట గురించి చెప్పాను, అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఇరవై తొమ్మిది రోజుల మాట మాత్రం ఎత్తకుండా కూర్చున్నాను. వదిన నా పక్కకు వచ్చి, "మీ అన్న ఎప్పుడూ మీ మాటే చెప్తా ఉండె. నా కోడు నాకంటే వాడే బాగా చూస్తాడు అంటా ఉండె" అంది. ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఆ తర్వాతి ఆదివారం మేనేజర్ పిలిచి లీడ్ పని నాకిచ్చాడు. "తన తర్వాత ఎవరని నేను అడగకముందే ఆయన నీ పేరు రాసిచ్చేశారు" అని కాగితం చూపించాడు. తేదీ చూశాను. గేటు దగ్గరికి వెళ్ళివచ్చిన మూడో రోజు. మిగిలిపోయిన పనుల కోసమని ఆఫీసువాళ్ళు ఆయన మెయిల్ పెట్టె నాకు తెరిచిచ్చారు. ఆయనకు వచ్చే ప్రతి మెయిలూ ఇక నా మెషీన్‌కే వస్తుంది.

మధ్యాహ్నం అందులో వెతుకుతుంటే నా పేరుతో ఒక మెయిల్ కనబడింది. "ఈ నెల ఇరవై తొమ్మిది రోజులే, లెక్క తప్పు."

వ్యాఖ్య పెట్టిన క్షణమే కోడు రాసినవాళ్ళకు మెయిల్ వెళ్ళిపోతుంది. తర్వాత వ్యాఖ్య తీసేసినా మెయిల్ వెనక్కి రాదు. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నాకు తెలియదా? కళ్ళు కుళ్ళుతో మూసుకుపోయి మర్చిపోయాను. ఆయన అప్పుడు మెయిల్ చూసుకోలేదు. మెయిల్ పక్కన ఆయన గుర్తుగా పెట్టిన ఎర్ర జెండాకు గేటు దగ్గరికి వెళ్ళిన నాటి తేదీ, మేం బయలుదేరక ముందు టైము ఉన్నాయి. అంటే కారులో నా పక్కన కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నప్పుడే ఆయనకు అంతా తెలుసు. నేను చెబుతానేమోనని దారి పొడుగునా ఎదురుచూశారు. "అవునన్నయ్యా" అన్నానా, దానితో సరిపెట్టుకున్నారు. మూడో రోజు కూర్చుని, తన తర్వాత నేనే అని రాసిచ్చారు. అప్పుడు ఏడ్చాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

కాసేపటికి లేచి ఆయన కుర్చీని ఈడ్చుకొచ్చాను. కీచుమంటూ వచ్చింది, ఆఫీసంతా తల తిప్పి చూసింది. నా పక్కనే వేసి, పాత కోడు తెరిచి, వ్యాఖ్య తీసేసిన చోటే మళ్ళీ రాశాను. టీమంతా చూడగలిగే చోటు అది. "ఈ తప్పు నాకు ముందే కనబడింది. ఈర్ష్యతో దాచాను. ఆ రోజు గేటు దగ్గర వాళ్ళందరూ ఎండలో నిలబడింది నా వల్ల. నన్ను క్షమించు అన్నయ్యా."

పంపాను. క్షణం తర్వాత నా మెషీనే టింగుమంది. ఆయన పెట్టెలో కొత్త మెయిల్ ఒకటి. నా పేరు, నల్లటి లావు అక్షరాల్లో, ఇంకా ఎవరూ చదవలేదన్న గుర్తుతో. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఇవాళ్టికీ ఆ మెయిల్ తెరవలేదు. అది నాకు రాసింది కాదు.