ఏడో వారం ఆదివారం

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే పల్లెవెలుగు బస్సులో భారతి పన్నెండేళ్లుగా కండక్టరు. ఆమె గొంతు ఎప్పుడో పోయింది. మిగిలిన ఆ బొంగురు గొంతుతోనే రోజుకి వెయ్యిసార్లు లోపలికి జరగమంటుంది, సర్దుకోమంటుంది. బస్సు దిగాక కూడా ఆ మాట ఆమెను వదలదు. కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకుంటుంది, ఇంటి ఓనరు నీళ్లు కట్టేస్తే సర్దుకుంటుంది. చెప్పొద్దూ, కాపురం పోయినప్పుడూ అలాగే సర్దుకుంది.

పోవడమంటే పెద్ద గొడవలేమీ జరగలేదు. భారతి తండ్రి నరసింగరావు బస్సు డ్రైవరుగా ఉండగానే పోతే, ఆ కుటుంబానికి దక్కిన ఉద్యోగం ఇది. మొగుడు ఎల్లాజీకి కళింగపట్నం దగ్గర పల్లెలో రెండెకరాల వరి, కాస్త మెట్టలో వేరుశనగ. పొలం వదిలి టౌనుకు రావడం అతనికి కుదరదు. తెల్లారకముందే బయల్దేరే బస్సుకి డ్యూటీ పడితే పల్లె నుంచి డిపోకి చేరడం ఈమెకు కుదరదు. ఇద్దరికీ వేళకానివేళ వండిపెట్టలేక అత్త జగ్గమ్మ విసిగిపోయింది. తిట్టుకోవడానికైనా కాస్త తీరిక ఉండాలిగా, వాళ్లకు అదీ లేకపోయింది. ఒకరోజు భారతి టౌనులో చిన్న వాటా అద్దెకు తీసుకుని, నాలుగేళ్ల కూతురు శ్రావణితో అందులో దిగిపోయింది. ఎవరూ వద్దనలేదు.

పిల్ల సంగతి వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. బడి రోజుల్లో తల్లి దగ్గర, ఆదివారం తండ్రి దగ్గర. అయితే కండక్టరుకి వారానికి ఒక్క రోజే ఆఫు, అదీ ఒక్కో వారం ఒక్కో రోజుకి తిరుగుతూ ఉంటుంది. ఏడు వారాలకోసారి ఆదివారం మీదికి వస్తుంది. ఆ ఒక్క ఆదివారం మాత్రం శ్రావణి అమ్మది. డిపో గోడకి డ్యూటీ చార్టు అంటించగానే భారతి ఫొటో తీసి ఎల్లాజీకి పంపేది. అతను ఒక బొటనవేలి బొమ్మ తిరిగి పంపేవాడు. మూడేళ్లలో ఆ మొగుడూపెళ్లాల మధ్య నడిచిన ఉత్తరాలన్నీ ఇవే. మిగతా ఆదివారాలు పిల్ల అమ్మ బస్సులోనే, అమ్మ పక్క సీట్లో కూర్చుని నాన్న ఊరు వెళ్లేది. ఈమధ్య ఆడవాళ్లకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తనకీ కొట్టించుకుని, దిగేదాకా గుప్పిట్లో పట్టుకునేది.

ఇంతకీ ఆ ఏడో వారం తల్లీకూతుళ్లు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. తలంటు, కోడికూర, ఆపైన ఒకే చాప మీద సాయంత్రం దాకా పడక. తల్లి వాచిపోయిన కాళ్లను పిల్ల ఎక్కి తొక్కుతుంది. భారతి ఆ మిగతా ఆరు వారాలూ నిలబడేది ఆ పూట కోసమే.

ఈ ఏడాది ఎల్లాజీకి మళ్లీ సంబంధం కుదిరింది. విడాకులు కాయితం మీద తేలాలని, పిల్ల ఏ రోజు ఎవరి దగ్గరుంటుందో కూడా అందులోనే రాసుకోవాలని పెళ్లికూతురి అన్న పట్టుబట్టాడు. అతన్నీ తప్పుపట్టలేం. రేపు చెల్లెలి కాపురంలో పేచీలు రాకూడదని అతని భయం.

లాయరు భీమశంకరరావు గారు చెడ్డమనిషి కాదు. తన ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి, ఒప్పందం కాయితంలోంచి ప్రతి ఆదివారం పాప తండ్రి దగ్గరుండును అని చదివారు. భారతి చార్టు సంగతి చెప్పింది. డిపోవాళ్లు ఇష్టమొచ్చినప్పుడు మార్చే చార్టుని కోర్టు ఎక్కడ పట్టుకుంటుందమ్మా, ఏ రోజో గట్టిగా రాయాలి అన్నారాయన. పెళ్లికూతురి అన్న తలూపాడు. భారతి ఎల్లాజీ వైపు చూసింది. అతను చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఆమె అప్పుడే, రాత్రి బస్సుతోపాటు పల్లెలోనే ఉండిపోయే నైట్‌హాల్టు డ్యూటీ దిగి వచ్చింది, మళ్లీ రెండింటికి బస్సెక్కాలి. వాదిస్తే ఇంకో వాయిదా, వాయిదాకో సెలవు, ఆ సెలవు కోసం డిపోలో మళ్లీ బతిమాలుకోవడం. కళ్లు మూతలు పడుతున్నాయి.

"రాసీండి," అంది.

అయ్యో, ఊరందర్నీ జరగమని గద్దించే మనిషికి అక్కడ మాత్రం నోరు రాలేదు. తర్వాత వాయిదా రోజున కోర్టులో జడ్జిగారు ఎవరైనా బలవంతం చేశారా అని అడిగితే లేదంది. నిజమే, ఎవరూ చేయలేదు. సంతకం పెట్టి, ఆటోలో డిపోకి వెళ్లి టికెట్ల మిషను తీసుకుంది. బస్సు కదిలాక ఏడుపొచ్చింది గాని అప్పటికే నిలబడ్డానికి చోటు లేనంత జనం.

తర్వాత కొత్త చార్టు వచ్చింది. అందులో ఆమె ఆదివారం ఉంది. అలవాటుగా ఫొటో తీసింది గాని పంపలేదు. పంపితే అడుక్కున్నట్టుంటుందనిపించింది. శనివారం సాయంత్రం శ్రావణి గౌను, బ్రష్షు, రంగుపెన్సిళ్లు సంచిలో పెడుతుంటే ఫోను మోగింది.

"ఏటి, ఈపాలి చార్టు పంపనేదు?" అన్నాడు ఎల్లాజీ.

"ఇంకేటికి? ఆదివారాలన్నీ నీవేనని రాసీసుకున్నాం గదా."

అవతల వెనక ఎవరో ఆవుని అదిలిస్తున్నారు.

"ఆ కాయితం పెల్లికూతురోల్ల కోసం. లాయరు ముందర నేను సెప్పుండాల్సింది, నోరు రానేదు. తప్పు నాదే." అన్నాడతను. "నా లెక్క పెకారం రేపు నీ ఆఫే అవ్వాల. అవునా, కాదా?"

"అవును," అంది భారతి. అసలే బొంగురు గొంతు, ఆ మాట అతనికి వినపడిందో లేదో.

"అయితే పిల్లని పంపకు. ఫొటో మాత్రం పంపీ. దాన్ని బట్టే వొచ్చే నెల పన్లు సూసుకోవాల."

ఫోను పెట్టేసి ఫొటో పంపింది. బొటనవేలి బొమ్మ వచ్చింది. దాన్ని చూసి భారతి వెక్కివెక్కి ఏడ్చింది. మూడేళ్లలో ఎన్నడూ అలా ఏడవలేదు. శ్రావణి బెదిరిపోయి చూస్తుంటే, కళ్లు తుడుచుకుని సంచిలోంచి గౌను తీసి మళ్లీ దండెం మీద వేసింది.

"రేపు మనకి బస్సు నేదా?" అని అడిగింది పిల్ల.

"నేదు. రేపు నా కాళ్లు తొక్కాల," అంది భారతి.